వేరుశనగ బుడిపెలో హైడ్రోజన్ ఎక్కడిది? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో హైడ్రోజన్ ఇంధనం గురించి చిన్న జవాబు ఒకటి రాశాను. ఇనుము, నికెల్ వంటి మామూలు లోహాలతోనే సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ను తయారు చేస్తాయని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ ఆరేళ్లలో ఏ జవాబుకూ రాలేదు. అనంతపురంలో ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. ఎంజైముల (జీవుల్లో రసాయన చర్యలను వేగంగా నడిపించే ప్రోటీన్ల) పాఠం మొదలుపెట్టానంటే గంట కొట్టినా వదిలేదాన్ని కాదు. అందుకే ఈ నెల పేజీలన్నీ ఈ విషయానికే ఇస్తున్నాను.

మేడమ్ గారూ, మా అబ్బాయి వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. వేరుశనగ వేళ్లలో హైడ్రోజన్ గ్యాస్ పుడుతుందని చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఈ పంటే వేస్తున్నాను, ఎప్పుడూ వినలేదు. నిజమేనా? నిజమైతే దాన్ని పట్టుకుని వాడుకోలేమా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. మీ ఉత్తరం చదివాక పుస్తకం తెరవబుద్ధి కాలేదు, చేనికి పోవాలనిపించింది. బుక్కరాయసముద్రం దగ్గర మా తమ్ముడికి నాలుగెకరాల ఎర్రనేల ఉంది. పైరు ఊడలు దిగే దశలో ఉంది. మొక్కను పట్టి లాగితే బాక్టీరియా కాపురముండే వేళ్ల బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి కాబట్టి, పారతో మట్టిగడ్డ సహా పెకలించి బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టాం. మట్టి కరిగి దిగిపోయాక వేళ్లు బయటపడ్డాయి. పక్క వేళ్లు చీలే ప్రతి మూలలోనూ ఆవగింజంత, సజ్జగింజంత బుడిపెలు. ఒకదాన్ని గోటి మీద పెట్టి బ్లేడుతో కోశాను. లోపల లేత దానిమ్మ గింజ రంగు. పక్కనే ఉన్న ఇంకొక మొక్క బుడిపెలు కోస్తే కొన్ని తెల్లగా, కొన్ని ఆకుపచ్చగా ఉన్నాయి. ఎర్రగా ఉన్నవి పని చేస్తున్నాయి, తెల్లవి ఇంకా మొదలుపెట్టలేదు, పచ్చబడినవి పని ముగించాయి.

ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. లెగ్‌హిమోగ్లోబిన్ అంటారు. దాని నడుమ ఉన్నదీ ఇనుమే. బుడిపెలోని బాక్టీరియా గాలి నత్రజనిని ఎరువుగా మార్చేది నైట్రోజినేజ్ అనే ఎంజైముతో. ఆ ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ బాక్టీరియా బతకాలంటే ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్రటి పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని, కొలిచి కొలిచి బాక్టీరియాకు అందిస్తుంది. ఎంజైము దాకా పోనివ్వదు.

ఇక హైడ్రోజన్ సంగతి. నైట్రోజినేజ్ గుండెలో ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకం పరమాణువులు గూడు కట్టుకుని ఉంటాయి. ఆ గూటి మధ్యలో ఒక్క కార్బన్ పరమాణువు ఉందని 2011లో గానీ తేలలేదు. గాలిలోని నత్రజని వచ్చి ఈ గూటిలో కూర్చోవాలంటే, అప్పటికే అక్కడ చేరిన హైడ్రోజన్ జంటగా లేచి వెళ్లిపోవాలి. అందువల్ల ఒక నత్రజని అణువు అమ్మోనియా అయిన ప్రతిసారీ కనీసం ఒక హైడ్రోజన్ అణువు బయటికి వస్తుంది. ఈ పనికి బాక్టీరియా పదహారు ఎ.టి.పి. అణువులు ఖర్చు పెడుతుంది. కణాల నగదులాంటి ఆ ఎ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికి తీసింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఆ పేరు పలకకుండా ముందుకు పోలేదు నేను.

పట్టుకోగలమా అన్నారు. లెక్క వేద్దాం. 28 కిలోల నత్రజనికి కనీసం 2 కిలోల హైడ్రోజన్ వస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని సుమారు 20.7 కిలోలు. అంటే మీ పంట ఒక బస్తా యూరియాకు సమానమైన నత్రజనిని గాలి నుంచి తీసుకుంటే, వేళ్ల నుంచి కిలోన్నర దాకా హైడ్రోజన్ విడుదల కావాలి. కిలోన్నర హైడ్రోజన్‌లోని శక్తి ఇంట్లో వాడే గ్యాస్ బండలో పావు వంతుకు కాస్త పైన. అది కూడా ఒక్కచోట రాదు. చేనంతా పరుచుకుని, రెండు మూడు నెలల పాటు, ఆవగింజంత బుడిపెల నుంచి ఊటలా వస్తుంది. దానికి గొట్టాలు వేయడం కుదిరే పని కాదు.

కానీ అది వృథా పోవడమూ లేదు. కొన్ని రకాల బాక్టీరియాలో నికెల్, ఇనుము కలిసిన ఇంకొక ఎంజైము ఉంటుంది. దాని పేరు హైడ్రోజినేజ్. అది పోతున్న హైడ్రోజన్‌ను మళ్లీ పట్టుకుని శక్తిగా మార్చుకుంటుంది. బుడిపె దాటి బయటికి వచ్చినదాన్ని చుట్టూ మట్టిలో ఉండే వేరే బాక్టీరియా తినేస్తాయి. గాలిలో హైడ్రోజన్ పది లక్షల భాగాల్లో అర భాగం మాత్రమే ఉంటుంది. అంత పలచని హైడ్రోజన్‌నే పట్టగలిగే ఎంజైమును ఒక మట్టి బాక్టీరియా నుంచి వేరు చేసి, దాని రూపం మొత్తాన్ని 2023లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పప్పుజాతి పంట తర్వాత వేసిన పైరు బాగా రావడానికి నత్రజని ఒక్కటే కాక, మట్టికి అందిన ఈ హైడ్రోజన్ కూడా కారణమా అని కెనడా శాస్త్రజ్ఞులు 2003లో అడిగారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అది.

మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. విత్తే ముందు విత్తనానికి రైజోబియం (బుడిపెలు కట్టే బాక్టీరియా) పట్టించండి. బుడిపెలు కట్టే రోజుల్లో యూరియా ఎక్కువ చల్లకండి. నేలలో సిద్ధంగా నత్రజని దొరికితే మొక్క బాక్టీరియాకు తిండి పెట్టడం మానేస్తుంది, బుడిపెలు తగ్గిపోతాయి. ఈసారి ఊడలు దిగేటప్పుడు మీరూ ఒక బుడిపె కోసి రంగు చూడండి.

మేడమ్, హైడ్రోజన్ తయారు చేసే ఎంజైములో ఇనుముకు సైనైడు, కార్బన్ మోనాక్సైడు అతుక్కుని ఉంటాయని చదివాను. రెండూ ప్రాణం తీసే విషాలు కదా? బాక్టీరియా ఎలా బతుకుతోంది?
– ఇంటర్ విద్యార్థిని, ప్రొద్దుటూరు

మంచి ప్రశ్న అడిగావమ్మా. సైనైడు నీకు ఎక్కడో దూరాన ఉన్న విషం కాదు. వానలు లేక గిడసబారిన జొన్న పిలకలు మేసి పశువులు పడిపోతే మీ పెద్దవాళ్లు నాము తగిలింది అంటారు కదా, ఆ నాములో ఉన్నది సైనైడే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడు. రెండింటి పద్ధతీ ఒకటే. మన శరీరంలో ఆక్సిజన్‌తో పని చేసే ఇనుమును గట్టిగా పట్టేసుకుని, దాని పనిని ఆపేస్తాయి.

ఇప్పుడు అదే గట్టి పట్టును మరో చోట ఊహించు. హైడ్రోజినేజ్‌లలో హైడ్రోజన్‌ను తయారు చేసే రకం ఇనుము ఇనుము కలిసినది. అందులో పక్కపక్కన రెండు ఇనుము పరమాణువులు ఉంటాయి. వాటి మీద మూడు కార్బన్ మోనాక్సైడులు, రెండు సైనైడులు. ఈ ఐదూ ఇనుమును ఎటూ కదలకుండా, దాని ఎలక్ట్రాన్లు సరిగ్గా కావలసిన తీరులో ఉండేట్టు పట్టి ఉంచుతాయి. మామూలు ఇనుప మేకు ఎప్పటికీ చేయలేని పనిని ఈ ఇనుము చేసేది అందుకే. ఇలాంటి ఒక్క ఎంజైము అణువు సెకనుకు కొన్ని వేల హైడ్రోజన్ అణువులను చేయగలదు. మామూలుగా ప్లాటినం వంటి ఖరీదైన లోహం దగ్గర చూసే చురుకు అది.

విషాలు కణంలోకి జారిపోవా అంటావా? వాటిని బాక్టీరియా నిల్వ పెట్టుకోదు. టైరోసిన్ అనే మామూలు అమైనో ఆమ్లాన్ని ఒక ప్రత్యేక ఎంజైము విరిచి, అక్కడికక్కడే సైనైడును, మోనాక్సైడును పుట్టించి, పుట్టిన చోటే ఇనుముకు తగిలిస్తుంది. మొదటిసారి ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ రెండు ఇనుముల మధ్య ఇంకొక చిన్న వంతెన కూడా ఉంది. రెండు గంధకాలు, వాటి నడుమ ఒక నత్రజని. ఆ నత్రజని నీటి నుంచి ప్రోటాన్‌ను (ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్‌ను) అందుకుని పక్కనే ఉన్న ఇనుముకు చేరవేస్తుంది. ఇటుకలు అందించే కూలీ మేస్త్రీ పక్కనే నిలబడ్డట్టు. ఆ మధ్యలో ఉన్నది నత్రజనేనా, కార్బనా, ఆక్సిజనా అని శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లు వాదించుకున్నారు. 2013లో ఐరోపా పరిశోధకులు ఒక చక్కని పని చేశారు. మూడు రకాల వంతెనలతో మూడు ఇనుము సమ్మేళనాలను గాజు పాత్రల్లో సొంతంగా తయారు చేసి, లోహం లేని ఖాళీ ఎంజైములో ఒక్కొక్కటిగా కూర్చోబెట్టారు. నత్రజని ఉన్నది పెట్టినప్పుడు మాత్రమే ఎంజైము పూర్తి బలంతో లేచి కూర్చుంది. మనిషి చేసిన లోహపు ముక్క, జీవి చేసిన ప్రోటీన్ సంచి కలిసి పని చేశాయి. కృత్రిమ ఎంజైములంటే పూర్తిగా సున్నా నుంచి కట్టినవే కానక్కర్లేదు, ఇలా సగం మనిషి, సగం జీవి చేసినవీ ఆ కోవలోకే వస్తాయి.

ఆ నత్రజని కూలీ కిటుకును పట్టుకుని అమెరికాలో ఇంకొక బృందం ప్రోటీనే లేకుండా చిన్న నికెల్ సమ్మేళనాలు చేసింది. 2011లో వాళ్లు చూపించిన ఒకటి సెకనుకు లక్షకు పైగా హైడ్రోజన్ అణువులు చేసింది. వేగంలో ఎంజైమును దాటింది. అయితే అది నడవాలంటే ఎంజైముకంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, కరెంటు ఖర్చు అక్కడ పెరుగుతుంది. వేగం, పొదుపు రెండూ ఒకేసారి సాధించడంలో బాక్టీరియా ఇంకా ముందుంది.

నువ్వు గుర్తుంచుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది. హైడ్రోజినేజ్‌కు ఆ పేరు పెట్టి, 1931లో లోకానికి చెప్పింది కేంబ్రిడ్జిలో పని చేసిన మార్జరీ స్టీఫెన్‌సన్, ఆమెతో కలిసి పని చేసిన స్టిక్‌లాండ్. 1945లో రాయల్ సొసైటీ తొలిసారి ఇద్దరు ఆడవాళ్లను సభ్యులుగా ఎన్నుకున్నప్పుడు వాళ్లలో స్టీఫెన్‌సన్ ఒకరు.

అమ్మా, మా ఇంట్లో గోబర్ గ్యాస్ ఉంది. రెండు ఆవులు. నికెల్, కోబాల్టు పొడి రోజూ చెంచాడు కలిపితే గ్యాస్ రెట్టింపు వస్తుందని ఒకతను వచ్చి అమ్ముతున్నాడు. కొనమంటారా?
– గృహిణి, డోన్

కొనకండమ్మా.

అతను చెప్పిన మాటలో సత్యం లేకపోలేదు. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్. దాన్ని చేసే సూక్ష్మజీవుల ఎంజైములో నడుమ కూర్చున్నది నికెలే. నికెల్ లేకపోతే మీథేన్ లేదు. కానీ ఎంత నికెల్ కావాలి? చాలా కొద్దిగా. ఆ కొద్దీ మేతలోంచి, మట్టిలోంచి, నీళ్లలోంచి పేడలోకి వచ్చే చేరుతుంది. పేడ లేకుండా ఒకే రకం పంట వ్యర్థాలతోనో, హోటల్ ఎంగిళ్లతోనో నడిచే పెద్ద ప్లాంట్లలో ఈ లోహాలు తక్కువ పడతాయి. అక్కడ పరీక్ష చేయించి, కొలిచి వేస్తారు. మీ తొట్టిలో రోజూ చెంచాడు వేస్తే ఆ సూక్ష్మజీవులకే విషమవుతుంది. పైగా తొట్టిలోంచి బయటికి వచ్చే స్లర్రీని మీరు చేనికి వేస్తారు, లోహం నేలలో పేరుకుంటుంది.

మా పుట్టింట్లో, తాడిపత్రి దగ్గర, ఇనుప డ్రమ్ము గోబర్ గ్యాస్ ఉండేది. ఒక సంక్రాంతి ముందు డ్రమ్ము లేవడం ఆగిపోయింది. పొయ్యి మీద మంట నీలంగా కాక, పసుపు రంగులో ఊగుతూ ఆరిపోయేది. పండగ పూట పిండివంటలన్నీ మా అమ్మ కట్టెల పొయ్యి మీదే చేసింది. తర్వాత తెలిసింది, గొడ్లపాక కడగడానికి కొత్తగా ఫినాయిలు వాడుతున్నామని, ఆ నీళ్లు కాలువ వెంట పేడ కలిపే తొట్టిలోకి పోతున్నాయని. మా చేతులతో మేమే సూక్ష్మజీవులను చంపుకున్నాం. ఫినాయిలు మానేసి, పక్క ఊరి ప్లాంటు నుంచి రెండు డ్రమ్ముల పాత స్లర్రీ తెచ్చి పోశాక గ్యాస్ మళ్లీ రావడానికి నెల పట్టింది.

మీ గ్యాస్ తగ్గిందనిపిస్తే మొదట ఇవి చూడండి. పేడ, నీళ్లు సమపాళ్లలో కలుస్తున్నాయా? వంటింటి వ్యర్థం ఒక్కసారిగా ఎక్కువ పడిందా? స్లర్రీ పులుపు వాసన కొడుతోందా? లోపల ఒక గుంపు సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ను, ఆమ్లాలను చేస్తుంటే, ఇంకో గుంపు ఆ హైడ్రోజన్‌ను తిని మీథేన్ చేస్తుంది. మొదటి గుంపుకు ఎక్కువ తిండి పడితే రెండో గుంపు అందుకోలేదు, తొట్టి పులుస్తుంది. రెండు మూడు రోజులు ఏమీ వేయకుండా ఆగితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. గ్యాస్ రావడం లేదని ఎవరూ తొట్టిలోకి దిగకూడదు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది. ఏమీ లేదనుకుని దిగినవాళ్లు పైకి రారు, వాళ్లను తీయడానికి దిగినవాళ్లూ రారు.

మేడమ్ గారూ, నీళ్లతో బండి నడిపే కిట్టు అమ్ముతున్నారు. బ్యాటరీ కరెంటుతో నీటిని హైడ్రోజన్‌గా మార్చి ఇంజనుకు పంపుతుందట. ఇప్పుడు ఎంజైము రకం కూడా వచ్చిందంటున్నారు. మైలేజీ పెరుగుతుందా?
– మెకానిక్, కడప

పెరగదు నాయనా. నీరంటే ఒకసారి కాలిపోయిన హైడ్రోజన్. బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే మంటలో వచ్చినంత శక్తీ తిరిగి పెట్టాలి. ఆ శక్తి మీ బండి బ్యాటరీది, బ్యాటరీది ఇంజనుది, ఇంజనుది పెట్రోలుది. దారి పొడుగునా కొంత వేడిగా పోతుంది కాబట్టి చివరికి మిగిలేది నష్టమే.

ఎంజైము పెట్టినా లెక్క మారదు. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే రైలు బొగద (కొండను తొలిచిన సొరంగం) గుండా పోతుంది. బొగద తవ్వడం వల్ల రైలు కొండెక్కి దిగే బాధ తప్పింది. కానీ నంద్యాల ఎత్తు, గిద్దలూరు ఎత్తు ఏమీ మారలేదు. ఎంజైము చేసేది బొగద పని. ఎక్కవలసిన ఎత్తును అది తగ్గించలేదు. పైగా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన వాయువు చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. మీ షెడ్డులో దాన్ని పెట్టుకోకండి.

మా ఊరి చుట్టూ సోలార్ పలకలే. ఈ కరెంటుతో హైడ్రోజన్ చేస్తారని పేపర్లో వస్తోంది. అలాంటప్పుడు బాక్టీరియా, ఎంజైములతో పనేముంది?
– ఒక పాఠకుడు, ఓర్వకల్లు

మీరున్న చోటు నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషం. గని, శకునాల గ్రామాల వైపు 2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. మన సీమ ఎండకు ఇందులో పెద్ద పాత్ర ఉంటుంది.

చిక్కల్లా కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రం దగ్గరే ఉంది. ఒక రకం యంత్రంలో నికెల్ పలకలు వాడతారు, అది చవక. ఎండ వస్తూ పోతూ ఉంటే వెంటనే సర్దుకోగలిగే రెండో రకంలో హైడ్రోజన్ వచ్చే వైపు ప్లాటినం, ఆక్సిజన్ వచ్చే వైపు ఇరిడియం అనే అరుదైన లోహం కావాలి. ప్రపంచమంతా కలిపి తవ్వే ఇరిడియం ఏడాదికి పది టన్నుల లోపే. యంత్రాలు పెరిగే కొద్దీ అది చాలదు. ఆకు ఏం చేస్తోందో చూడండి. మీ గట్టు మీది వేపాకు కూడా నీటిని విడగొడుతుంది. నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్లు కలిసిన చిన్న ముద్దతో. 2011లో జపాను శాస్త్రజ్ఞులు దాన్ని పరమాణువు పరమాణువుగా చూశారు. ఇరిడియం పనిని మాంగనీసు, ప్లాటినం పనిని ఇనుము చేయగలవని జీవులు చూపిస్తున్నాయి. పాఠం అక్కడ ఉంది.

అయితే ఎంజైములనే తెచ్చి యంత్రంలో పెట్టేస్తారని నేను అనుకోను. అవి సున్నితమైనవి. ఇనుము ఇనుము హైడ్రోజినేజ్‌కు గాలి తగిలితే చాలు, చెడిపోతుంది. ఎండలో ఆకు లోపలి నీటిని విడగొట్టే ప్రోటీన్ కూడా అరగంటకోసారి దెబ్బతింటుంది, ఆకు దాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. జీవికి ఆ మరమ్మతు నిత్యకృత్యం. యంత్రానికి అది లేదు, అది ఏళ్ల తరబడి ఆగకుండా నడవాలి. కాబట్టి ఎంజైము కిటుకును అర్థం చేసుకుని, అదే కిటుకును గట్టి పదార్థంలో కట్టడమే దారి అని నా నమ్మకం.

నీటి సంగతి కూడా చెప్పాలి, మన జిల్లాల్లో అది అడగకుండా ఉండలేం. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్కలోనే తొమ్మిది కిలోల నీరు కావాలి. శుద్ధి చేయడానికి, చల్లబరచడానికి ఇంకా అదనం. ఆ నీరు ఎక్కడిదో ముందే చెప్పమని గ్రామసభలో అడగండి.

మా బడిలో ప్రయోగశాల లేదు. లోహపు ఎంజైమును పిల్లలకు చూపించే మార్గం ఏదైనా చెప్పండి.
– ఉపాధ్యాయురాలు, ఆదోని

మందుల షాపులో గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడు దొరుకుతుంది, 3 శాతం ఉన్నది తీసుకోండి. నాలుగు గాజు గ్లాసుల్లో రెండేసి చెంచాలు పోయండి. మొదటిదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాంట్లో తుప్పు పట్టిన మేకు. మూడోదాంట్లో పచ్చి బంగాళదుంప ముక్క. నాలుగోదాంట్లో బాగా ఉడికించి చల్లార్చిన ముక్క. మూడో గ్లాసులో తెల్లటి నురుగు వెంటనే పొంగుతుంది. ఆరబోతున్న అగరుబత్తి కొసను ఆ నురుగులో ఉంచితే ఎర్రగా రాజుకుంటుంది, వచ్చింది ఆక్సిజన్. ఆ పని చేసింది కెటలేజ్ అనే ఎంజైము, దాని నడుమ ఉన్నదీ ఇనుమే. మేకులోనూ ఇనుమే ఉంది, కానీ అక్కడ బుడగలు బద్ధకంగా ఒకటీ అరా వస్తాయి. ఉడికిన ముక్కలో ఇనుము ఎక్కడికీ పోలేదు, దాన్ని పట్టి ఉంచిన ప్రోటీన్ మాత్రం వేడికి చెదిరింది.

పెరాక్సైడు పిల్లల కళ్లలో పడకుండా చూసుకోండి. ఏ గ్లాసులో ఏం జరుగుతుందో ముందే ఊహించి రాయమనండి, తర్వాత చూసినది పక్కనే రాయించండి. వాళ్ల చేతిరాతతోనే ఆ కాగితాలు నాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాను.